మార్కులు పీసీకి, అమ్మకాలు పీఎస్4కి: సైబర్‌పంక్ 2077పై గేమర్ల ఆగ్రహం వెనుక

పోలండ్ రాజధాని వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ తయారుచేసిన సైబర్‌పంక్ 2077 గేమ్‌పై తొలి సమీక్షలు 2020 డిసెంబర్ 7న వెలువడ్డాయి. సమీక్షల సగటును లెక్కగట్టే మెటాక్రిటిక్‌లో దానికి నూటికి 90 పైనే మార్కులు పడ్డాయి. ఆ పొగడ్తల నడుమ ఒక ప్రముఖ గేమింగ్ వెబ్‌సైట్ మాత్రం పదికి ఏడు ఇచ్చి, గేమ్‌లో లోటుపాట్లున్నాయనీ బగ్‌లు (ప్రోగ్రామ్ లోపాలు) ఎక్కువేననీ రాసింది. ఆ సమీక్ష రాసిన మహిళ మీద సోషల్ మీడియాలో తిట్ల వాన కురిసింది. మూర్ఛవ్యాధి ఉన్న మరో సమీక్షకురాలు, గేమ్‌లోని మెరుపు దీపాల దృశ్యం తనలాంటివారికి ప్రమాదకరమని హెచ్చరించినందుకు, ఆమెకు పనిగట్టుకొని మెరుపుల వీడియోలు పంపినవారు కూడా ఉన్నారు. తిట్టినవారిలో దాదాపు ఎవరూ అప్పటికి గేమ్ ఆడలేదు. అది మార్కెట్లోకి రావడానికి ఇంకా మూడు రోజులుంది. డిసెంబర్ 10న గేమ్ విడుదలైంది. టీవీకి తగిలించి గేములాడే యంత్రాలైన పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4), మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ కన్సోళ్లలో ఆడటం మొదలుపెట్టినవారు ఒక్క రోజు తిరక్కుండానే మళ్లీ సమీక్షకుల మీదే పడ్డారు. ఇలాంటి గేమ్‌కు తొమ్మిదీ పదీ ఎలా వేశారన్నది ఈసారి వారి ప్రశ్న.

వారం తిరక్కుండానే తక్కువ మార్కులు వేసినందుకు ఒకసారి, ఎక్కువ మార్కులు వేసినందుకు ఇంకోసారి కోపం తెచ్చుకున్న ఈ తీరు పైపైన చూస్తే గేమర్ల నిలకడలేనితనంలాగే కనిపిస్తుంది. మొదటి కోపం విషయంలో ఆ మాట చాలావరకు నిజం కూడా. రెండో కోపానికి మాత్రం గట్టి కారణముంది. సమీక్షకుల చేతికి విడుదలకు ముందు అందింది పీసీ వెర్షన్ ఒక్కటే. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ మీద ఆడి వేసిన ఆ మార్కులు, 2013లో మార్కెట్లోకి వచ్చిన కన్సోళ్లున్న లక్షల మందికి కొనుగోలు సలహాగా చేరాయి. పేరు ఒకటే, అట్ట మీది బొమ్మ ఒకటే అయినా యంత్రం మారితే సరుకే మారిపోతుందన్న సంగతి అప్పటిదాకా ఇంత బాహాటంగా ఎవరికీ తెలిసిరాలేదు. మంచి ప్రొజెక్షన్ ఉన్న ప్రివ్యూ థియేటర్లో చూసి రాసిన సినిమా సమీక్షను నమ్మి, బొమ్మ మసకగా పడి మాట వినపడని హాల్లో టికెట్ కొన్నవాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే.

సమీక్షలకు సంస్థ పెట్టిన షరతులను ఇక్కడ వివరంగా చూడాలి. ఎంబార్గో, అంటే ఫలానా తేదీ, సమయం వరకు సమీక్ష ప్రచురించకూడదన్న కట్టుబాటు, గేమింగ్ రంగంలో మామూలే. దానివల్ల అందరికీ ఆడి రాయడానికి సమాన వ్యవధి దొరుకుతుంది కాబట్టి అది చెడ్డదేమీ కాదు. సైబర్‌పంక్ విషయంలో మరో నిబంధన తోడైంది: తొలి వీడియో సమీక్షల్లో సమీక్షకులు తాము ఆడుతూ రికార్డు చేసుకున్న దృశ్యాలను వాడకూడదు, సంస్థ ఇచ్చిన దృశ్యాలనే వాడాలి. కనుక పీసీలో కూడా కనబడ్డ బగ్‌లను మాటల్లో చెప్పడమే తప్ప చూపించే వీలు లేకపోయింది. చాలామంది సమీక్షకులు తాము కన్సోల్ వెర్షన్ చూడలేదని వ్యాసంలో ఒక వాక్యం రాశారు. అయితే ఆ వాక్యం మెటాక్రిటిక్ సగటు దాకా ప్రయాణించదు. సమీక్షలో ఎన్ని జాగ్రత్తలు రాసినా చివరికి జనంలో తిరిగేది అంకె ఒక్కటే, ఆ అంకె ఏ యంత్రానిదో అడిగేవారు తక్కువ. సమీక్షలను క్రోడీకరించే ఓపెన్‌క్రిటిక్ విడుదల తర్వాత ఈ గేమ్ పేజీలో కన్సోల్ వెర్షన్ అసలు పరిస్థితిని సంస్థ కావాలనే దాచిపెట్టిందన్న అర్థంలో ప్రత్యేక హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది. తర్వాత కన్సోల్ వెర్షన్లకు విడిగా సమీక్షలు వచ్చినప్పుడు పీఎస్4కు మెటాక్రిటిక్‌లో దక్కింది 57.

అంత ఎక్కువ మంది అంత తొందరగా ఎందుకు కొన్నారన్న ప్రశ్నకు ఎనిమిదేళ్ల ప్రచారమే జవాబు. గేమ్‌ను 2012లో ప్రకటించారు, 2013 జనవరిలో తొలి టీజర్ వచ్చింది. 2015లో విడుదలైన విచర్ 3 ఈ సంస్థకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది. గేమర్ల పక్షాన నిలబడే కంపెనీ అన్న గుర్తింపు దానికి ఉండేది. 2019 జూన్‌లో ఈ3 అనే గేమింగ్ ప్రదర్శన వేదిక మీదికి నటుడు కీనూ రీవ్స్ వచ్చి 2020 ఏప్రిల్ 16న విడుదలని చెప్పారు. ఆ తేదీ సెప్టెంబర్ 17కు, ఆపైన నవంబర్ 19కి, చివరికి డిసెంబర్ 10కి జరిగింది. మూడో వాయిదాకు సరిగ్గా ముందురోజు కూడా సంస్థ ట్విట్టర్ ఖాతా ఒక అభిమానికి నవంబర్ 19న విడుదల ఖాయమని జవాబిచ్చింది. ఆ వాయిదా తర్వాత సంస్థ ఉద్యోగులకు చంపుతామన్న బెదిరింపులు వెళ్లాయంటే ఎదురుచూపులు ఎక్కడిదాకా ముదిరాయో ఊహించవచ్చు. వాయిదా ప్రకటనలోనే అసలు సమస్య జాడ ఉంది. పాత కన్సోళ్లు, కొత్త కన్సోళ్లు, పీసీ, గూగుల్ ఆన్‌లైన్ గేమింగ్ సేవ స్టేడియా కలిపి మొత్తం తొమ్మిది వెర్షన్లను ఒకేసారి సిద్ధం చేసి పరీక్షించాల్సి రావడమే కష్టంగా ఉందని సంస్థ అందులో చెప్పుకుంది. అప్పట్లో చదివినవారికి అది సాకులా తోచింది. తర్వాత చూస్తే ఆ ప్రచారం మొత్తంలో నిజానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న వాక్యం అదే.

నవంబర్‌లో సంస్థ కన్సోల్ దృశ్యాలను విడుదల చేసింది. అవి పాత తరంలోనే ఎక్కువ శక్తి గల ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్, పీఎస్4 ప్రో, కొత్త తరానికి చెందిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, పీఎస్5 యంత్రాలవి. మామూలు పీఎస్4, మామూలు ఎక్స్‌బాక్స్ వన్ దృశ్యాలు బయటికి రాలేదు. అదే నెలలో మదుపుదారులతో జరిగిన సమావేశంలో సంయుక్త సీఈవో ఆడమ్ కిచిన్‌స్కీ మాట్లాడుతూ, అంత పెద్ద ప్రపంచం ఉన్న గేమ్ అయినా పాత కన్సోళ్లలో ఆశ్చర్యకరంగా బాగా నడుస్తోందన్నారు. విడుదల నాటికి ముందస్తు ఆర్డర్లు 80 లక్షలు. వాటిలో 59 శాతం పీసీవి, తక్కిన 41 శాతం కన్సోళ్లవి. అంటే ముప్పై లక్షల మందికి పైగా కన్సోల్ కొనుగోలుదారులు తమ యంత్రం మీద గేమ్ ఎలా నడుస్తుందో చూపించే ఒక్క సమీక్ష కూడా లేకుండానే డబ్బు కట్టేశారు.

ఇక యంత్రాల సంగతి. పీఎస్4లో ఉన్నది తక్కువ కరెంటుతో నడిచే చిన్న కంప్యూటర్ల కోసం చిప్‌ల సంస్థ ఏఎండీ రూపొందించిన జాగ్వార్ తరహా ప్రాసెసర్. ఎనిమిది కోర్లున్నా వేగం 1.6 గిగాహెర్ట్జే, అది 2013 నాటికే సాదాసీదా ప్రాసెసర్. దానికి తోడు నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్. మహా అయితే సెకనుకు వంద మెగాబైట్ల ప్రాంతంలో సమాచారం చదవగలిగే ఆ డిస్క్‌ను, సెకనుకు 5.5 గిగాబైట్లు చదవగలిగే పీఎస్5 ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) పక్కన పెడితే తేడా ఎన్నో రెట్లు. సైబర్‌పంక్ కథ నడిచే నైట్ సిటీ జనంతో, వాహనాలతో, అంతస్తుల మీద అంతస్తులతో కిక్కిరిసిన నగరం. అంత నగరం ఒకేసారి మెమరీలో పట్టదు. ఆటగాడు కదులుతున్నకొద్దీ ముందున్న వీధిని డిస్క్ నుంచి తెచ్చుకుంటూ, దాటేసిన వీధిని మెమరీలోంచి తీసేస్తూ ఉండాలి. స్ట్రీమింగ్ అంటారు దీన్ని. కాలినడకన పోతున్నప్పుడు డిస్క్ ఎలాగో నెట్టుకొస్తుంది. కారెక్కి వేగం పెంచగానే వీధి రావాల్సిన సమయం, డిస్క్ ఇవ్వగల సమయం పొంతన తప్పుతాయి. సంస్థ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరి 13న విడుదల చేసిన వీడియోలో చెప్పిన వివరణ కూడా ఇదే: మొదట పీసీలో అద్భుతంగా కనిపించేలా చేసి, తర్వాత దాన్ని పాత కన్సోళ్లకు సర్దాలనుకున్నామనీ, ఆ పని తాము అనుకున్నదానికంటే చాలా కష్టమైందనీ ఆయన ఒప్పుకున్నారు.

పీఎస్4 ముందు కూర్చున్నవారికి ఇదంతా తెర మీద ఎలా కనిపించిందో చూస్తే కోపం తీవ్రత అర్థమవుతుంది. కారు మలుపు తిరగగానే ఎదురుగా ఉన్న భవనం గోడలు నున్నటి మైనపు ముద్దల్లా ఉండి, కొన్ని క్షణాల తర్వాత కిటికీలూ బోర్డులూ ఒక్కొక్కటే అతుక్కునేవి. మాట్లాడుతున్న పాత్ర ముఖంలో కళ్లూ ముక్కూ గీతలు తేలకముందే సంభాషణ సగం అయిపోయేది. మనుషులు తెర మీదే పుట్టుకొచ్చేవారు, వెనక్కి తిరిగి చూస్తే మాయమయ్యేవారు. సెకనుకు 30 ఫ్రేములు లక్ష్యంగా పెట్టుకున్న గేమ్, రద్దీ వీధుల్లో ఇరవై దగ్గరికీ, అప్పుడప్పుడూ అంతకంటే కిందికీ జారేది. ముప్పై ఫ్రేములంటే ప్రతి బొమ్మకూ 33 మిల్లీసెకన్ల గడువు, ఇరవై అంటే 50. అంకెల్లో చిన్న తేడాలా కనిపించినా, తుపాకీ గురిపెట్టి బటన్ నొక్కినప్పుడు దెబ్బ ఆలస్యంగా పడుతోందని చేతికి తెలిసిపోతుంది. ఇన్నిటినీ ఓర్చుకొని ఒకటి రెండు గంటలు ఆడేసరికి తెర నీలంగా మారి, అప్లికేషన్‌లో లోపం తలెత్తిందనే సందేశంతో సీఈ-34878-0 అన్న కోడ్ ప్రత్యక్షమయ్యేది. పీఎస్4లో ఏ గేమ్ క్రాషైనా కనిపించే మామూలు కోడే అది. ఆ డిసెంబర్‌లో మాత్రం అది దాదాపు ఈ గేమ్‌కు మారుపేరైపోయింది.

గేమర్లందరూ ఒక్క గొంతుతో మాట్లాడారనుకోవడం పొరపాటు. మంచి పీసీ ఉన్నవారిలో చాలామందికి బగ్‌లు తగిలినా గేమ్ నచ్చింది. విడుదల రోజునే పీసీ గేముల ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఒకే సమయంలో పది లక్షల మందికి పైగా ఆడారు. వీరిలో కొందరు కన్సోల్ ఫిర్యాదులను తేలిగ్గా కొట్టిపారేశారు: ఏడేళ్ల నాటి యంత్రం మీద ఇంతకంటే ఏం ఆశిస్తారని వారి వాదన. ఆ వాదనలో సాంకేతికంగా నిజమున్నా న్యాయం లేదు. గేమ్‌ను ప్రకటించిన నాటికి పీఎస్4 మార్కెట్లోకే రాలేదు, పీఎస్5 ఊసే లేదు. ఈ గేమ్ తొలినుంచీ పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ తరం కోసమే అన్నట్టుగా ప్రచారమైంది. పాత యంత్రం మోయలేదని సంస్థ భావించి ఉంటే ఆ వెర్షన్ అమ్మకపోవడం ఒక్కటే నిజాయితీ గల దారి. ఇంకో వర్గం తప్పంతా సమీక్షకులదే అంది. కన్సోల్ వెర్షన్ ఇవ్వనప్పుడు సమీక్షే రాయకుండా ఉండాల్సిందన్న ఆ మాటను పూర్తిగా తోసిపుచ్చలేం. కానీ అందరికంటే ముందు సమీక్ష పెట్టకపోతే చదివేవారు మరో చోటికి పోతారన్న లెక్క మీద బతికే ప్రచురణల నుంచి అంత త్యాగం ఆశించడం కష్టమే.

భారతదేశంలో ఈ వ్యవహారానికి మరో కోణముంది. పీఎస్5 అమెరికా, జపాన్ వంటి దేశాల్లో 2020 నవంబర్ 12న విడుదలైనా ఇక్కడికి అధికారికంగా వచ్చింది 2021 ఫిబ్రవరి 2న, 49,990 రూపాయల ధరకు. అంటే సైబర్‌పంక్ విడుదల రోజున హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్లేస్టేషన్ మీద ఆడాలనుకున్నవారికి దుకాణంలో దొరికేది పీఎస్4 మాత్రమే. కొత్త కన్సోల్ కొనుక్కోమన్న ఉచిత సలహా వారి విషయంలో అక్షరాలా అమలుకాని సలహా. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లు నవంబర్ 10నే ఇక్కడికి వచ్చినా, ఏళ్ల తరబడి కొన్న గేములూ ఆడిన స్నేహితులూ ప్లేస్టేషన్ వైపు ఉన్నప్పుడు ఒక్క గేమ్ కోసం ఇల్లు మారేవారు అరుదు.

కోపాన్ని రెట్టింపు చేసింది డబ్బు వాపసు వ్యవహారం. డిసెంబర్ 14న సంస్థ క్షమాపణ చెప్పింది. మామూలు పాత కన్సోళ్ల మీద గేమ్‌ను విడుదలకు ముందు చూపించకపోవడం తప్పేనని అంగీకరించి, జనవరిలో, ఫిబ్రవరిలో పెద్ద ప్యాచ్‌లు (లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు) వస్తాయనీ, అంతవరకు ఆగలేనివారు రిఫండ్ అడగవచ్చనీ ప్రకటించింది. ఇక్కడే చిక్కు వచ్చింది. డిజిటల్ కాపీ డబ్బు తిరిగివ్వాల్సింది గేమ్ తయారుచేసినవారు కాదు, స్టోర్ నడిపే సోనీ, మైక్రోసాఫ్ట్. ప్లేస్టేషన్ స్టోర్ నిబంధనల ప్రకారం గేమ్‌ను డౌన్‌లోడ్ చేయడం మొదలుపెట్టాక, సరుకులో లోపముంటే తప్ప, రిఫండ్ రాదు. డౌన్‌లోడ్ చేసి ఆడితే గాని గేమ్ ఎలా నడుస్తుందో తెలియదు. ఆడాక వాపసు లేదు. సంస్థ మాట నమ్మి సోనీని అడిగినవారిలో చాలామందికి మొదట కాదనే జవాబు వచ్చింది. మైక్రోసాఫ్ట్‌తోగానీ సోనీతోగానీ ఇందుకు ప్రత్యేక ఒప్పందమేదీ లేదని అప్పటికే మదుపుదారుల సమావేశంలో సంస్థ యాజమాన్యమే చెప్పింది. అదే సమావేశంలో మరో సంగతి బయటపడింది. ప్రతి గేమూ అమ్మకానికి ముందు సోనీ, మైక్రోసాఫ్ట్‌ల తనిఖీ దాటాలి కదా, ఇది ఎలా దాటిందని అడిగితే, విడుదల నాటికి సరిచేస్తామని వారు తమను నమ్మి ఉంటారన్న అర్థంలో సంస్థ ప్రతినిధి మిహావ్ నోవకోవ్‌స్కీ జవాబిచ్చారు.

డిసెంబర్ 18 నాటికి సోనీ ఈ గేమ్‌ను ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తొలగించి, కోరినవారందరికీ పూర్తి సొమ్ము ఇస్తామంది. ఆ స్థాయి గేమ్‌కు అలా జరగడం అంతకుముందు ఎరగనిది. స్టోర్‌లోకి అది తిరిగి వచ్చింది 2021 జూన్ 21న, అంటే ఆరు నెలలకు. మైక్రోసాఫ్ట్ అమ్మకాలు ఆపకుండా రిఫండ్ నిబంధనలు సడలించింది. ఇంత రభస జరిగినా 2020 చివరికి 1.37 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. అమెరికాలో మదుపుదారులు వేసిన కేసు 18.5 లక్షల డాలర్ల రాజీతో తేలింది. గేమర్ల దృష్టిలో కాస్త చేదుగా మిగిలిన సంగతి ఇది: మదుపుదారుడికి చట్టం చూపిన దారి, అదే ప్రకటన నమ్మి 60 డాలర్లు పెట్టిన ఆటగాడికి అంత సూటిగా దొరకలేదు.

ఆపైన కథ మలుపు తిరిగిందనే అందరూ చెబుతారు. 2022 ఫిబ్రవరిలో 1.5 ప్యాచ్‌తో పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకు ప్రత్యేక వెర్షన్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ యానిమే సిరీస్ ఎడ్జ్‌రన్నర్స్ కొత్తవారిని గేమ్‌వైపు లాక్కొచ్చింది. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్, దాని వెంటనే గేమ్‌కు అదనపు కథాభాగమైన ఫాంటమ్ లిబర్టీ వచ్చాక, ఒకప్పుడు తిట్టినవారే ఇది తప్పక ఆడాల్సిన గేమ్ అన్నారు. ఈ మార్పు నిజమే, సంస్థ ఏళ్ల తరబడి పడ్డ శ్రమనూ కాదనలేం. అయితే ఈ పునర్జన్మ కథ చెబుతున్నది ఎవరు? మంచి పీసీ లేదా కొత్త కన్సోల్ ఉన్నవారు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లకు వచ్చిన చివరి పెద్ద అప్‌డేట్ 1.6. ఫాంటమ్ లిబర్టీ ఆ యంత్రాలకు రానేలేదు, 2.0 కూడా రాలేదు. 2020లో ఎవరి కోపమైతే అందరికంటే న్యాయమైనదో, రిఫండ్ తీసుకోకుండా ప్యాచ్‌ల కోసం ఓపిగ్గా ఎదురుచూసిన ఆ పీఎస్4 కొనుగోలుదారులకు బాగుపడిన గేమ్ చేరాలంటే మరో యంత్రం కొనక తప్పలేదు. గేమ్ బాగుపడిందన్న ఇవాళ్టి మాటలోనూ, గేమ్ అద్భుతమన్న 2020 డిసెంబర్ 7 నాటి మాటలోనూ ఏ యంత్రం మీద అన్న మూడు ముక్కలు ఒకేలా జారిపోయాయి.

2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2తోపాటే ఆ యంత్రానికీ సైబర్‌పంక్ వచ్చింది. చేతిలో ఇమిడే ఆ కన్సోల్ ఇప్పటి యంత్రాల్లో బలహీనమైనదే. ఈసారి సంస్థ విడుదలకు దాదాపు రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో నింటెండో నిర్వహించిన ప్రదర్శనల్లోనే పాత్రికేయుల చేతికి ఆ వెర్షన్ ఇచ్చి ఆడించింది. అక్కడా రద్దీ దృశ్యాల్లో ఫ్రేములు తగ్గుతున్నాయని రాసినవారున్నారు, వాటి మీద గేమర్ల మధ్య వాదోపవాదాలూ నడిచాయి. నాణ్యత ఎంచుకుంటే సెకనుకు 30 ఫ్రేములు, వేగం ఎంచుకుంటే 40 అన్న లెక్కలు ముందే బయటికొచ్చాయి. కొనాలా వద్దా అన్న వాదన ఈసారి డబ్బు కట్టకముందే జరిగింది.